షూర్ టు, షూర్ ఆఫ్: ఇంగ్లీషు వాక్యంలో నమ్మకం ఎవరిది?

తెలుగులో ఒక మాట మీద మనకెంత నమ్మకం ఉందో క్రియ చివర్లోనే తేల్చేస్తాం. విజయవాడ స్టేషన్లో రైలు సంగతి అడిగితే "వస్తుంది" అనేది ఒక జవాబు, "వస్తుందిలే" ఇంకో జవాబు. "వస్తుందేమో", "వస్తుందట", "వచ్చేట్టుంది", "రాకపోవచ్చు", "రాకేం చేస్తుంది"... వీటిలో ఒక్క విశేషణం కూడా లేదు. ఇంగ్లీషులో ఈ పని కొంత మే, మైట్, మస్ట్ లాంటి సహాయక క్రియలు చేస్తాయి. మిగతా భారం, ముఖ్యంగా ఆఫీసు మెయిళ్లలో, డాక్టర్ల రిపోర్టుల్లో, వార్తల్లో, విశేషణాల మీదే పడుతుంది: షూర్, సర్టెన్, లైక్లీ, ప్రాబబుల్, డౌట్‌ఫుల్, కన్విన్స్‌డ్, సస్పీషియస్, అపారెంట్.

బెంజి సర్కిల్ దగ్గరైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా స్పోకెన్ ఇంగ్లీషు పాఠాల్లో ఎక్కువ సమయం టెన్సులకే పోతుంది. ఈ విశేషణాలను అర్థాలతో సహా ఒక జాబితాగా కంఠస్థం చేయిస్తారు. షూర్ అంటే ఖచ్చితం, డౌట్‌ఫుల్ అంటే అనుమానం, అంతే. అర్థం తెలిసినంత మాత్రాన సరిపోదు. విశేషణం పక్కన ఏ మాట కూర్చుందన్న దాన్నిబట్టి ఆ నమ్మకం మాట్లాడేవాళ్లదా, వాక్యంలో ఉన్న మనిషిదా అన్నది మారిపోతుంది. ముందు ఎవరి నమ్మకమో పట్టుకోవాలి. ఎంత నమ్మకమో తర్వాత చూసుకోవచ్చు.

రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకావిడ కార్పొరేటర్‌గా నిలబడింది. "షీ ఈజ్ షూర్ టు విన్" అంటే ఆవిడ గెలిచి తీరుతుందని చెప్పేవాళ్ల ధీమా. ఆవిడ ఇంట్లో కూర్చుని ఓడిపోతానేమోనని బెంగపడుతున్నా సరే, ఈ వాక్యంలో తప్పేమీ లేదు. "షీ ఈజ్ షూర్ ఆఫ్ విన్నింగ్" అంటే ధీమా ఆవిడది. చెప్పేవాళ్లు ఆవిడ నమ్మకాన్ని మనకు చేరవేస్తున్నారంతే, తమ అభిప్రాయం బయటపెట్టలేదు.

తేడా తెలియకపోతే చిన్న పరీక్ష ఉంది. వాక్యం చివర "బట్ ఐ డోంట్ థింక్ షీ విల్" అని తగిలించండి. "షీ ఈజ్ షూర్ ఆఫ్ విన్నింగ్, బట్ ఐ డోంట్ థింక్ షీ విల్" చక్కగా నిలబడుతుంది. "షీ ఈజ్ షూర్ టు విన్, బట్ ఐ డోంట్ థింక్ షీ విల్" అంటే మన మాటను మనమే కొట్టేసుకున్నట్టు. ఏ విశేషణానికైనా ఇదే గీటురాయి. సర్టెన్ కూడా షూర్ లాగే రెండు వైపులా నడుస్తుంది: సర్టెన్ టు, సర్టెన్ ఆఫ్. బౌండ్ టు, లైక్లీ టు ఎప్పుడూ మాట్లాడేవాళ్ల వైపే ఉంటాయి. కాన్ఫిడెంట్, కన్విన్స్‌డ్ ఎప్పుడూ కర్త వైపే. అందుకే "హీ ఈజ్ కాన్ఫిడెంట్ టు విన్" అన్న మన వాడుక ఇంగ్లీషువాళ్ల చెవికి అతకదు. "కాన్ఫిడెంట్ ఆఫ్ విన్నింగ్" అనాలి, లేదా "కాన్ఫిడెంట్ దట్ హీ విల్ విన్". కర్త ప్రాణం లేనిదైతే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. "ద బ్రిడ్జ్ ఈజ్ షూర్ టు కొలాప్స్" సరైన వాక్యమే. "ద బ్రిడ్జ్ ఈజ్ షూర్ ఆఫ్ కొలాప్సింగ్" అంటే వంతెనకు మనసుండి అది నమ్ముతున్నట్టు అవుతుంది.

షూర్, సర్టెన్ కవలల్లా కనిపిస్తాయి కానీ ఒక చోట విడిపోతాయి. "ఇట్ ఈజ్ సర్టెన్ దట్" ఉంది, "ఇట్ ఈజ్ షూర్ దట్" లేదు. "ఇట్ ఈజ్" తర్వాత లైక్లీ, ప్రాబబుల్, పాసిబుల్, డౌట్‌ఫుల్, క్లియర్ అన్నీ కూర్చుంటాయి, షూర్ మాత్రం కూర్చోదు. దీనికి కారణం వెతుక్కుంటూ కాలం గడపొద్దు, వాడుక అలా స్థిరపడింది.

మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే తప్పు పాసిబుల్‌తో వస్తుంది. "ఐ యామ్ నాట్ పాసిబుల్ టు కమ్ టుమారో." దీని వెనకాల "నాకు కుదరదు" ఉంది. తెలుగులో కుదరడం, వీలవడం మనిషికి "నాకు" అని అంటుకుంటుంది కాబట్టి ఇంగ్లీషులోనూ మనిషినే కర్తగా నిలబెడతాం. పాసిబుల్ అయ్యేది పని, మనిషి కాదు. "ఇట్ వోంట్ బి పాసిబుల్ ఫర్ మీ టు కమ్" అనొచ్చు. మాట్లాడేటప్పుడైతే "ఐ కాంట్ మేక్ ఇట్" చాలు. "హీ ఈజ్ ఇంపాసిబుల్" అనే వాక్యం ఇంగ్లీషులో ఉంది గానీ దానర్థం అతనితో వేగలేం అని. కాబట్టి మేనేజరు రాలేకపోతున్నారని చెప్పబోయి "అవర్ మేనేజర్ ఈజ్ ఇంపాసిబుల్ టుడే" అని రాస్తే చదివినవాళ్లకు వేరే సంగతి అర్థమవుతుంది. ప్రాబబుల్‌దీ ఇదే కథ. "హీ ఈజ్ ప్రాబబుల్ టు కమ్" తప్పు, "హీ ఈజ్ లైక్లీ టు కమ్" ఒప్పు. అర్థాలు దగ్గరదగ్గరే అయినా మనిషి పక్కన నిలబడే హక్కు లైక్లీకే ఉంది.

ఇక అనుమానం వైపు వద్దాం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అనుమానపడేవాళ్లకూ, అనుమానం కలిగించేదానికీ ఇంగ్లీషులో చాలాచోట్ల ఒకే విశేషణం. "ఐ యామ్ డౌట్‌ఫుల్ అబౌట్ ద ప్లాన్" అంటే నాకు నమ్మకం చాలట్లేదు. "ద ప్లాన్ ఈజ్ డౌట్‌ఫుల్" అంటే ప్లానే అనుమానాస్పదం. క్రికెట్ వార్తల్లో "ద ఫాస్ట్ బౌలర్ ఈజ్ డౌట్‌ఫుల్ ఫర్ టుమారో" అని ఉంటే బౌలర్‌కు ఏదో సందేహం ఉందని కాదు, రేపు అతను ఆడతాడో లేదో తెలియదని. పక్కనున్న చిన్నమాట అబౌటా, ఫరా అన్నది చూడకపోతే వాక్యం తలకిందులవుతుంది. డ్యూబియస్ కూడా అంతే. "హీ లుక్డ్ డ్యూబియస్" అంటే అతని ముఖంలో నమ్మని చూపు కనిపించింది. "ఎ డ్యూబియస్ క్యారెక్టర్" అంటే నమ్మకూడని మనిషి. సస్పీషియస్ ఇంకా ప్రమాదం. "హీ ఈజ్ సస్పీషియస్ ఆఫ్ హిస్ పార్ట్‌నర్" అంటే అతనికి పార్ట్‌నర్ మీద అనుమానం. "ఆఫ్" లేకుండా "హీ లుక్స్ సస్పీషియస్" అంటే అతని వాలకమే తేడాగా ఉందని. ఈ గందరగోళం వద్దనుకుంటే రెండు మాటలు పట్టుకోండి. అనుమానపడే మనిషికి స్కెప్టికల్, అనుమానించాల్సిన వస్తువుకు క్వశ్చనబుల్. ఈ రెండూ తమ వైపు దాటి రావు.

అనుమానం అనే మన మాట ఇంకో గోతిలోకి కూడా లాగుతుంది. "వాడే తీశాడని నా అనుమానం" అంటే వాడే తీసుంటాడని నాకు అనిపిస్తోంది. దీన్ని "ఐ డౌట్ దట్ హీ టుక్ ఇట్" అనో, "ఐ యామ్ డౌట్‌ఫుల్ దట్ హీ టుక్ ఇట్" అనో రాస్తే, వాడు తీసుండడని నా నమ్మకం అన్న అర్థం వస్తుంది. పూర్తిగా ఎదురు. కావలసింది "ఐ సస్పెక్ట్". ఆఫీసులో పోయిన లాప్‌టాప్ గురించో, లెక్క తేలని డబ్బు గురించో రాసే మెయిల్లో ఇది చిన్న పొరపాటు కాదు, దొరికినవాణ్ణి వదిలేసినట్టో, ఏమీ ఎరగనివాణ్ణి ఇరికించినట్టో అవుతుంది. తరగతిలో మనం అలవాటుగా అనే "ఐ హావ్ ఎ డౌట్" కూడా అమెరికా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌కు "మీరు చెప్పింది నాకు నమ్మబుద్ధి కావట్లేదు" అన్నట్టు వినిపించే అవకాశం ఉంది. అక్కడ "ఐ హావ్ ఎ క్వశ్చన్" అంటే సరి.

ఎవరి నమ్మకమో తేలాక ఎంత నమ్మకమో చూడాలి. మొదట మింగుడుపడని సంగతి ఒకటుంది. "ఐ యామ్ షూర్ హీ లాక్డ్ ద డోర్" అన్నది "హీ లాక్డ్ ద డోర్" కంటే బలహీనం. చూసినవాళ్లు చూసింది చెప్తారు. షూర్ అన్న మాట అవసరమయ్యిందంటేనే ఎక్కడో చిన్న సందు ఉన్నట్టు. తెలుగులో "వేశాడు" అనేదానికీ "వేసే ఉంటాడు" అనేదానికీ ఉన్న తేడా ఇది. ప్రెటీ షూర్, ఫెయిర్లీ షూర్ అంటే ఇంకో మెట్టు దిగినట్టు. వెరీ లాగా ప్రెటీ కూడా బలం పెంచుతుందని మనవాళ్లు అనుకుంటారు, కానీ "ఐ యామ్ ప్రెటీ షూర్" అంటే "దాదాపు ఖాయం, కానీ ఒట్టేసి చెప్పలేను". క్వైట్ షూర్ మాత్రం పైమెట్టు, పూర్తిగా నమ్మకమని. అదే క్వైట్ లైక్లీ పక్కన చేరితే మోస్తరు అవుతుంది. "ఆర్ యు షూర్?" అని గట్టిగా అడిగితే "ఐ యామ్ పాజిటివ్" అని జవాబొస్తుంది. ఇక్కడ పాజిటివ్‌కు ఆశావాదంతో గానీ రక్తపరీక్షతో గానీ సంబంధం లేదు, షూర్ కంటే గట్టి మాట అది. మన "సెంట్ పర్సెంట్ షూర్" ఇండియా దాటితే వింతగా ఉంటుంది. హండ్రెడ్ పర్సెంట్ అంటే ఎక్కడైనా నడుస్తుంది.

ఈ మాటలకు అంకెలు కట్టే ప్రయత్నం అమెరికా గూఢచారి సంస్థలో జరిగింది. 1951లో సోవియట్ కూటమి యుగోస్లావియా మీద దాడి చేస్తుందా అన్న అంచనాలో "సీరియస్ పాసిబిలిటీ" అని రాశారు. దాన్ని తయారుచేసిన బృందంలో ముఖ్యుడైన షెర్మన్ కెంట్‌ను, అంటే ఎంత అని విదేశాంగ శాఖ అధికారి ఒకరు అడిగితే, నూటికి 65 వంతులు దాడి జరిగే వైపే అన్నాడు. అడిగినాయన ఉలిక్కిపడ్డాడు, ఎందుకంటే వాళ్లు చాలా తక్కువ అనుకున్నారు. కెంట్ తన బృందంలోవాళ్లనే అడిగి చూస్తే ఒకరు 20 అన్నారు, ఒకరు 80 అన్నారు. అందరూ కలిసి ఒప్పుకుని సంతకం పెట్టిన మాటే అది! 1964లో ఆయన ప్రచురించిన పట్టికలో ఆల్మోస్ట్ సర్టెన్ అంటే 93 శాతం, ఆరు అటూ ఇటూ. ప్రాబబుల్ అంటే 75, పన్నెండు అటూ ఇటూ.

వాతావరణ మార్పు మీద రిపోర్టులిచ్చే ఐక్యరాజ్యసమితి బృందం ఐపీసీసీ కూడా ఇలాంటి పట్టికే పెట్టుకుంది. లైక్లీ అంటే కనీసం 66 శాతం, వెరీ లైక్లీ 90, ఎక్స్‌ట్రీమ్లీ లైక్లీ 95, వర్చువల్లీ సర్టెన్ 99. భూమి వేడెక్కడానికి మనుషులే కారణమన్న మాట 2001 రిపోర్టులో లైక్లీగా ఉంది, 2007లో వెరీ లైక్లీ అయింది, 2013లో ఎక్స్‌ట్రీమ్లీ లైక్లీ, 2021కి అన్‌ఈక్వివోకల్, అంటే సందేహానికి తావులేనిది. ఇరవయ్యేళ్ల పరిశోధన ఒక్క విశేషణం మారడంలో కనిపిస్తుంది. నాకు ఈ నాలుగు మాటల వరుస కంటే మంచి ఇంగ్లీషు పాఠం ఇంకోటి కనిపించలేదు.

అయితే పట్టిక ఎవరిదో తెలియకుండా అంకె వేసుకోకూడదు. భారత వాతావరణ శాఖ బులెటిన్లలో లైక్లీ అంటే 25 నుంచి 50 శాతమే. వెరీ లైక్లీ 50 నుంచి 75, మోస్ట్ లైక్లీ 75 పైన. కృష్ణా, గుంటూరు జిల్లాలకు భారీ వర్షం లైక్లీ అని ఉంటే ఐపీసీసీ లెక్కన చదవకండి. అలాగని తీసిపారేయనూ వద్దు. కల్లాల్లో మిర్చి ఆరబోసినవాళ్లకు నాలుగో వంతు అవకాశం కూడా టార్పాలిన్ పట్టాలు తెచ్చి కప్పుకోవడానికి సరిపడా కారణమే.

ఆసుపత్రి కాగితాల్లో ఈ తేడా గుండె మీదకే వస్తుంది. రొమ్ము స్కాన్ రిపోర్టుల్లో వాడే బైరాడ్స్ వర్గీకరణ చూడండి. మూడో వర్గం ప్రాబబ్లీ బినైన్, అంటే బహుశా క్యాన్సర్ కాదు: అయ్యే అవకాశం 2 శాతానికి మించదు. నాలుగో వర్గం పేరు సస్పీషియస్. ఆ మాట చదవగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. కానీ నాలుగో వర్గం 2 నుంచి 95 శాతం దాకా పరుచుకుని ఉంది, అందుకే దాన్ని మూడు ముక్కలు చేశారు. 4ఏ అంటే పదికి మించని శాతం, 4బి యాభై దాకా, 4సి ఆ పైన. ఐదో వర్గానిది హైలీ సజెస్టివ్, క్యాన్సర్ అనడానికి గట్టి సూచన, అంటే 95 లేదా ఆ పైన. సస్పీషియస్ అన్న మాట దగ్గర ఆగిపోకుండా పక్కనున్న అక్షరం చూడాలి, బయాప్సీ ఎందుకు చేయమంటున్నారో డాక్టరును అడగాలి. జ్వరాల సీజన్లో సస్పెక్టెడ్ డెంగీ, ప్రాబబుల్ డెంగీ, కన్ఫర్మ్‌డ్ డెంగీ అని మూడు మెట్లు రాస్తారు. వాటి మధ్య తేడా డాక్టరు మనసులో ఉన్న ధైర్యం కాదు, ఏ పరీక్షలు అయ్యాయి, ఏవి మిగిలాయి అన్నది.

నాగార్జున యూనివర్సిటీలో లా చదివే పిల్లలకు ఇంకో ఉదాహరణ తెలిసే ఉంటుంది. 1872 సాక్ష్య చట్టం మూడో సెక్షన్ "ప్రూవ్‌డ్" అన్న మాటను నిర్వచిస్తూ సర్టెన్ అనలేదు, "సో ప్రాబబుల్" అంది: వివేకం ఉన్న మనిషి దాన్ని నిజమనుకుని అడుగు వేయగలిగేంత ప్రాబబుల్. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఆ నిర్వచనం కొనసాగుతోంది.

విశేషణం నామవాచకానికి ముందుందా, వెనకాలుందా అన్నదాన్నిబట్టి కూడా నమ్మకం మారుతుంది. "హిస్ ఆనెస్టీ వాజ్ అపారెంట్" అంటే అతని నిజాయితీ కొట్టొచ్చినట్టు కనబడింది. "హిస్ అపారెంట్ ఆనెస్టీ" అంటే పైకి నిజాయితీగానే కనిపిస్తాడు, లోపల సంగతి దేవుడికెరుక. "ఐ యామ్ సర్టెన్" అంటే నాకు ఖాయం. "ఎ సర్టెన్ మిస్టర్ రావ్" అంటే ఎవరో రావుగారట, నాకు తెలియదు. "ఎ లైక్లీ స్టోరీ" అని విడిగా అంటే "ఆఁ, నమ్మాం లే" అని. అలెజ్డ్ ఎక్కువగా నామవాచకానికి ముందే వస్తుంది, దాని పని విలేకరి తన నమ్మకాన్ని పక్కన పెట్టి ఆరోపణ ఇతరులదని చెప్పడం. మన పేపర్లు "ఆరోపణలు ఎదుర్కొంటున్న" అని రాసే చోట ఇంగ్లీషు పేపరు ఆ ఒక్క మాటతో సరిపెడుతుంది.

కాదు అన్న మాట ఎక్కడ పెట్టాలన్నది చివరి మెలిక. "ఇట్ ఈజ్ నాట్ లైక్లీ దట్ హీ విల్ కమ్" అన్నా, "ఇట్ ఈజ్ లైక్లీ దట్ హీ వోంట్ కమ్" అన్నా దాదాపు ఒకటే. సర్టెన్, షూర్, పాసిబుల్‌లతో ఈ మార్పిడి కుదరదు. "ఐ యామ్ నాట్ షూర్ హీ విల్ కమ్" అంటే వస్తాడో రాడో తెలియదు. "ఐ యామ్ షూర్ హీ వోంట్ కమ్" అంటే రాడు, అంతే. నాట్ షూర్ తర్వాత వెదర్ (అవునో కాదో అనే మాట) కూడా వస్తుంది, ఉత్త షూర్ తర్వాత దట్ మాత్రమే. క్లయింటు కాల్‌లో అవతలివాళ్లు "ఐ యామ్ నాట్ షూర్ దట్ విల్ వర్క్" అన్నారంటే చాలాసార్లు వాళ్లు సందేహంలో లేరు, మర్యాదగా వద్దంటున్నారు. "ఐ యామ్ నాట్ కన్విన్స్‌డ్" అయితే ఆ మర్యాద కూడా సన్నబడింది. అక్కడ "నో ప్రాబ్లం, ఇట్ విల్ వర్క్" అని ధైర్యం చెప్పడం కంటే, ఏ భాగం మీద అభ్యంతరమో అడగడం మేలు.

ఇవన్నీ ఒక మెయిల్లో ఎలా పనిచేస్తాయో చూద్దాం. గుంటూరు నుంచి తేజ మిర్చి ఐరోపాకు పంపే వ్యాపారి అనుకోండి. కొనేవాళ్లు రెండు అడిగారు: కంటైనర్ నెల ఇరవైలోగా చేరుతుందా, అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరిమితిలో ఉందని మీరు సర్టెనా? అక్కడి పరిమితి మిర్చికి కిలోకు బి1 రకం 5 మైక్రోగ్రాములు, మొత్తం కలిపి 10.

మొదటిదానికి మనవాళ్లు రాసేది "వీ ఆర్ హండ్రెడ్ పర్సెంట్ షూర్ ఇట్ విల్ రీచ్". ఓడ మన చేతుల్లో లేదు. చెన్నై రేవులో నాలుగు రోజులు ఆగినా ఈ వాక్యం మన మెడకే చుట్టుకుంటుంది. "ద కంటైనర్ ఈజ్ లైక్లీ టు అరైవ్ బై ద ట్వెంటియత్" అని రాసి, కింద ఓడ పేరు, బయల్దేరిన తేదీ ఇవ్వండి. అవకాశం బాగా ఎక్కువైతే వెరీ లైక్లీ. "వీ ఆర్ కాన్ఫిడెంట్ దట్" అని రాయొచ్చు గానీ అది మన ధైర్యం సంగతే చెప్తుంది, ఓడ సంగతి కాదు. అనుభవమున్న కొనుగోలుదారు ఆ తేడా ఇట్టే పట్టేస్తాడు.

రెండోదానికి "యెస్, వీ ఆర్ సర్టెన్" అనకండి. అఫ్లటాక్సిన్ బస్తాలన్నిటిలో సమానంగా పరుచుకోదు, అక్కడక్కడా గుంపుగా ఉంటుంది. పరీక్ష చేసింది తీసిన నమూనాకు. కాబట్టి నమ్మకాన్ని మన మీద నుంచి తీసి ఆ నమూనా మీద పెట్టాలి: "ద సాంపిల్ టెస్టెడ్ వాజ్ వితిన్ ద లిమిట్; ద ల్యాబ్ రిపోర్ట్ ఈజ్ అటాచ్డ్." రిపోర్టులో నాట్ డిటెక్టెడ్ అని ఉంటే ఆ మాటే దించండి, దాన్ని అఫ్లటాక్సిన్ ఫ్రీ అని మార్చొద్దు. మిషన్ పట్టగలిగిన మోతాదు కంటే తక్కువ అన్నదే ల్యాబువాళ్లు చెప్పింది, అసలు లేదని వాళ్లు చెప్పలేదు. ఎంత మోతాదు దాకా పట్టగలదో రిపోర్టులోనే ఒక గడిలో ఉంటుంది, ఆ అంకె కూడా మెయిల్లో ఇవ్వండి.